వేపమండ కట్టిన నీళ్ళు

ఇవాళ సాయంత్రం మా వీధి చివర పూలమ్మే ఆవిడ రెండు మూరల మల్లెపూలు తామరాకులో చుట్టి ఇచ్చింది. ఈమధ్య ఎక్కడ చూసినా కవర్లే కదా, ఆకు ఎక్కడిదని అడిగాను. "ఎవరో ముసలాయన తెచ్చి వేసి పోతాడమ్మా" అంది తమిళంలో. ఇంటికొచ్చి పూలు తీసి పక్కన పెట్టేలోగా చంకలో ఉన్న మా వాడు వంగి ఆకును పట్టేసుకున్నాడు. దాని మీద ఒక నీటిచుక్క అటూ ఇటూ దొర్లుతోంది. వాడు దాన్ని చూసి కిలకిలా నవ్వాడు.

మామూలుగా అయితే అది ఏ మురుగులో పెరిగిందోనని లాగి పారేసి, వాడి చేతులు సబ్బుతో కడిగి, మళ్ళీ కడిగేదాన్ని. వాడు పుట్టిన దగ్గరనుంచి నాకు అన్నీ భయాలే. తుమ్మితే భయం, ఎక్కువసేపు నిద్రపోతే భయం. గోడ మీద దోమ కనిపిస్తే ఇంట్లో లైట్లన్నీ వేసి దాన్ని చంపేదాకా కూర్చోను. కానీ ఇవాళ ఆ ఆకు వాసన ముక్కుకు తగిలి నా చెయ్యి ఆగిపోయింది. పచ్చి వాసన, దాని అడుగున కొంచెం బురద, కొంచెం చేప. నా చిన్నప్పటి ఆడిమాసం, తమిళుల ఆషాఢం, ఒకటి మొత్తంగా ఆ వాసనలో ఉంది. ఇంట్లో అందరూ పడుకున్నారు. ఆకును వంటింటి గట్టు మీద పెట్టుకుని ఇది రాస్తున్నాను.

అప్పుడు మేము మద్రాసు పెరంబూరులో రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న రైలుపెట్టెల ఫ్యాక్టరీలో వెల్డరు. అమ్మకు నెలలు నిండాక అమ్మనూ నన్నూ అవ్వ వాళ్ళింట్లో దింపాడు. అవ్వంటే అమ్మకు అమ్మ. ఉత్తరం వైపు బస్సు ఆఖరి స్టాపులో దిగి, చెరువుకట్ట మీద కాసేపు నడిస్తే వాళ్ళ పెంకుటిల్లు వచ్చేది. గుమ్మంలో నిలబడితే ఎదురుగా కట్ట, కట్ట అవతల నీళ్ళు. నీళ్ళని అంటున్నాను గానీ నీళ్ళు కనిపించేవి కావు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఆకులే. మధ్యలో తామర, దాని చుట్టూ కలువ, ఒడ్డు దగ్గర నీళ్ళ మీద పాకుతూ తూటికూర, ఆ సందుల్లో గోరంత ఆకులతో తేలే పచ్చటి నాచు. గాలి వీస్తే తామరాకులన్నీ ఒక్కసారిగా అంచులెత్తి వెనకవైపు లేతరంగు చూపించేవి. పట్నంలో పుట్టిన నాకు అది చెరువని నమ్మకం కుదరలేదు. మొదటిరోజు దాన్ని పొలం అనుకుని దిగబోతే తాత జడ పట్టుకుని వెనక్కి లాగాడు.

ఆ ఆకులు కోయడమే తాత పని. లారీ టైరు ట్యూబుకు గాలి కొట్టి, దాని మీద గోతం కట్టి, బోర్లా పడుకుని చేతులతో తెడ్డేసుకుంటూ వెళ్ళేవాడు. నోట్లో చిన్న కొడవలి. తామరకాడకు ముళ్ళుంటాయి కాబట్టి ఆయన ముంజేతుల నిండా ఎప్పుడూ సన్నటి గీతలే. జానెడు కాడ ఉంచి కోసి, ఆకు మీద ఆకు పెట్టి, తడి గోతంలో చుట్టి తెల్లవారకముందే మొదటి బస్సులో పూల అంగళ్ళకు తీసుకుపోయేవాడు. కండక్టరు రోజూ "తాతా, ఏరిని కొంచెం కొంచెంగా పట్నానికి మోస్తా ఉండావే, ఇంకెంత మిగిలింది?" అనేవాడట, చెరువును తమిళంలో ఏరి అంటారు. "నువ్వు రిటైరయ్యే దాకా ఉంటాదిలే" అనేవాడట తాత.

ఆయనకు ఒక్కటే నియమం. నీళ్ళు కనపడేంతగా కోయకూడదు. ఒకచోట ఆకులు పలచబడి కింద నీళ్ళు మెరిస్తే చాలు, ట్యూబు తిప్పేసేవాడు. ఎందుకని అడిగితే, "గొడుగు లాగేస్తే కింద ఉండే చేపలు యాడికి పోతాయి మే? వాటికి మాత్రం ఎండ గాదా?" అన్నాడు. తర్వాత కాలేజీలో వృక్షశాస్త్రం చదివినప్పుడు అదే సంగతి, తేలే ఆకుల నీడ నీటిని ఎలా చల్లగా ఉంచుతుందో, బయటినుంచి వచ్చే మొక్కలకు చోటివ్వకుండా ఎలా కాపాడుతుందో మేడమ్ బోర్డు మీద రాసింది. నేను నోట్సు రాసుకోవడం మానేసి తాత ముంజేతుల మీది గీతల్ని తలుచుకుంటూ కూర్చున్నాను.

ఆ ఇంట్లో తిండి అంతా చెరువుదే. అవ్వ తూటికూర చింతపండు వేసి పప్పు చేసేది. వేడివేడి అన్నం తామరాకులో వడ్డిస్తే ఆకు కమిలి ఒక వాసన వచ్చేది. ఆ వాసనకే సగం ఆకలి తీరేది, ఇంకో సగం పెరిగేది. నేనూ పక్కింటి పిల్లా కలిసి ఒక విద్య కనిపెట్టాం. తామరకాడ లోపల బోలుగా ఉంటుంది. ఆకు నడిమధ్య పిన్నీసుతో పొడిచి, అందులో గంజి పోసి, కింద కాడను నోట్లో పెట్టుకుని పీల్చాలి. అవ్వ అమ్మ కోసం పక్కన పెట్టిన గంజంతా మేము అట్లా ఏనుగు తొండాలతో తాగేశాం. పట్టుబడ్డాక అవ్వ కాడతోనే పిక్కల మీద ఒకటి వేసింది. కాడకు ముళ్ళు ఉంటాయని చెప్పాను కదా.

తమ్ముడు పుట్టాడు. చాలా చిన్నగా పుట్టాడు. నాన్న ఫ్యాక్టరీ నుంచి సైకిలు మీద వచ్చి, చేతులు కడుక్కుని, తనే వేపచెట్టెక్కి మండ విరిచి గుమ్మానికి కట్టాడు. ఈ ఇంట్లో పురుడుంది, బయటివాళ్ళు చొరబడి లోపలికి రావద్దు అని దానర్థం. అవ్వ పొద్దున్నే సాంబ్రాణి పొగ వేసేది. అమ్మకు పాలు పడాలని సొరచేప ఉడికించి పొడిపొడిగా పుట్టు చేసేది, వెల్లుల్లి వేయించి పెట్టేది. ఇల్లంతా ఆ వాసనలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉండేవి.

నాన్న రోజూ షిఫ్టు అయ్యాక వచ్చేవాడు. వచ్చి తమ్ముడి పక్కన కూర్చుని, వాడి ముఖం చూసేవాడు కాదు, వాడి చుట్టూ గాలిని చూసేవాడు. చేతిలో మడతపెట్టిన పేపరు. ఎక్కడ దోమ కనిపించినా టప్పుమని కొట్టేవాడు. "అబ్బయ్యా, నువ్వు కొట్టే దెబ్బలకే బిడ్డ ఉలిక్కిపడతా ఉండాడు" అనేది అవ్వ. ఆయన వినేవాడు కాదు. నాకూ తమ్ముడికీ మధ్య ఒక చెల్లెలు ఉండేది. వానల్లో జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకుపోయారు, తిరిగి తీసుకురాలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ చెల్లెలి పేరు పలికేవాళ్ళు కాదు. నాన్న దోమల్ని కొట్టేవాడు, అంతే.

ఆ రోజుల్లోనే తాత ఒక సాయంత్రం తడిబట్టలతో వచ్చి గుమ్మంలో వేపమండ నుంచి ఒక రెమ్మ తుంచాడు.

"అది యాడికి?" అంది అవ్వ.

"ఆడ ఇంకో పురుడు పడింది. ఆకుకోడి గుడ్లు పెట్టింది."

నన్ను ట్యూబు మీద ముందర కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. అవ్వ వద్దు వద్దని కట్ట మీద నుంచి అరుస్తూనే ఉంది. ఆకుల మధ్యగా వెళ్తుంటే చల్లటి నీళ్ళు పాదాలకు తగిలేవి, తాత గడ్డం నా నెత్తికి గుచ్చుకునేది. తూర్పుమూలకు పోయాక ట్యూబు ఆపి వేలు చూపించాడు. కలువాకు మీద నానిన చెత్తతో కట్టిన చిన్న దిబ్బ, దాని మీద నాలుగు గుడ్లు. రాగిచెంబు తోమకుండా వదిలేస్తే వచ్చే రంగు. పక్కన తెల్లరెక్కల పిట్ట ఒకటి, మెడ వెనక పసుపు పూసినట్టు, తోక కొడవలిలా. కాలివేళ్ళు మాత్రం దాని ఒంటికి సంబంధం లేనంత పొడుగు. ఆ వేళ్ళు పరిచి ఆకు మీద నడుస్తుంటే ఆకు ఒక్క రవ్వ మునిగేది, మళ్ళీ లేచేది. పిల్లి కూన అరిచినట్టు అరిచింది మా మీద.

తాత ఒక వెదురుకర్ర బురదలో దిగ్గొట్టి, దానికి వేపరెమ్మ కట్టాడు. అట్లా కడితే ఆకు కోసేవాళ్ళెవరూ ఆ మూలకు రారట. గుడ్లు పగిలి పిల్లలు నడిచే దాకా ఒక్క ఆకు తెంపరట. ఆ చెరువులో ఆకు కోసే నాలుగు ఇళ్ళవాళ్ళకూ అదే కట్టుబాటు. పిట్టలకే కాదు, ఎర్రటి కొరమీను పిల్లలు గుంపుగా కనిపించినా కట్టేవాళ్ళు. "మనింటికి కడితే చాలదా, నీళ్ళల్లో ఉండేవాళ్ళది పురుడు గాదా?" అన్నాడు తాత.

"అమ్మపిట్ట మనల్ని పొడుస్తాదా తాతా?"

"అది అమ్మ గాదు మే, అయ్య. అమ్మ గుడ్లు పెట్టేసి ఎగిరిపోయింది. పొదిగేదీ సాకేదీ వీడే."

నేను ఇంటికొచ్చి ఆ మాట అమ్మకు చెబితే, అమ్మ పడుకునే నవ్వి, "మీ నాన్నకు చెప్పు, పేపరు కింద పెట్టి నేర్చుకుంటాడు" అంది.

చెరువుకు పడమటి ఒడ్డున అప్పుడే కొత్తగా ఒక నగర్ లేచింది. ప్లాట్లు వేసి అమ్మారు, ఇళ్ళు కట్టుకున్నారు, మురుక్కాలవ మాత్రం ఎవరూ తవ్వలేదు. వాళ్ళకు దోమల బాధ మరీ ఎక్కువ. చెరువు నిండా ఆకులుండబట్టే దోమలని, మొత్తం లాగి అవతల పారేస్తే పీడ పోతుందని వాళ్ళ సంఘం తీర్మానించింది. ఆ సంఘం పెద్ద మేడింట్లో ఉండేవాడు. నాన్న వెళ్ళి ఆయనతో మాట్లాడి వచ్చాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర తాతతో అన్నాడు: "మామా, ఆదివారం నగరోళ్ళు దిగతా ఉండారు. నేనూ దిగతా."

తాత ముద్ద ఆపాడు. "దేనికి దిగేది?"

"ఆకులు లాగేదానికి. మొత్తం."

"దోమ ఆకుల్లో యాడుండాది అల్లుడా? వాళ్ళ ఇండ్ల ముందర గుంటల్లో ఉండాది. ఆకు కింద చేప తినేస్తాది దాన్ని."

"నాకదంతా తెలీదు మామా. ఇంకోపాలి నేను బిడ్డను మోసుకోని ఆసుపత్రికి పోలేను."

నెత్తళ్ళ పులుసు ఆకులో చల్లారిపోతోంది. నాన్నే మళ్ళీ అన్నాడు, "ఆకులన్నా పోవాల. లేదంటే రేపే వీళ్ళను క్వార్టర్స్‌కు తీసుకోని పోతా."

లోపలి గది నుంచి అమ్మ గొంతు వచ్చింది. "నేను యాడికీ రాను. పచ్చి ఒంటితో ఆటోలో ఎగిరెగిరి పడేదానికి నా వల్ల గాదు. బిడ్డకు ఇప్పుడిప్పుడే పాలు పడతా ఉండాయి."

"మీరు వాదులాడుకుంటే ఆ పాలు గూడా ఇంకిపోతాయి" అంది అవ్వ. తర్వాత తాత వైపు తిరిగి, "లాగనీలే" అంది.

తాత ఆమెను అట్లాగే చూశాడు. అది ఆయన తిండి. ఆయన తండ్రి కూడా ఆ ఆకులే కోశాడు. చెయ్యి కడుక్కుని కట్ట మీదకి వెళ్ళిపోయాడు. అవ్వ నాన్నకు ఇంకో గరిటె పులుసు పోసి, "భయం ఉండేవాడితో ఏం వాదిస్తాం అబ్బయ్యా, తిను" అంది. ఆమె గొంతులో ఎకసెక్కం లేదు. అప్పుడు నాకు అవ్వ మీద కోపం వచ్చింది, తాత పక్షాన మాట్లాడలేదని. ఇప్పుడు నా భయాలకు నన్ను కసిరేవాళ్ళు ఎంతమందో ఉన్నారు. "తిను" అని పులుసు పోసేవాళ్ళు తక్కువ.

ఆదివారం నగర్‌లోని మగవాళ్ళు మోకులతో, కొడవళ్ళతో వచ్చారు. ఆడవాళ్ళు కట్ట మీద టీ కాశారు. ఏదో పండగలా ఉంది. పడమటి ఒడ్డు నుంచి మొదలుపెట్టారు. తామరకాడలకు మోకు చుట్టి పదిమంది కలిసి లాగితే, వేళ్ళతో సహా ఊడి బురద ముద్దలుగా వచ్చేది. కట్ట మీద పచ్చటి కుప్పలు లేచాయి. ఆ వేళ్ళ సందుల్లోంచి చిన్న చేపలు, నత్తలు, రొయ్యపిల్లలు రాలి ఎండలో ఎగిరెగిరి పడుతుంటే, నేనూ పక్కింటి పిల్లా చెంబుతో ఏరి మళ్ళీ నీళ్ళల్లో వేస్తూ తిరిగాం. తాత ఇంటి అరుగు మీద కూర్చుని, ఎక్కడా చిల్లు లేని ట్యూబుకు అతుకు వేస్తున్నాడు. వేసిన అతుకు పీకి మళ్ళీ వేస్తున్నాడు.

నాన్న అందరికంటే ముందున్నాడు. నడుముల్లోతు నీళ్ళల్లో ఎవరితోనూ మాట్లాడకుండా లాగుతూ లాగుతూ పోయాడు. మధ్యాహ్నానికి సగం చెరువు నగ్నంగా అయిపోయింది. ఇంకొంచెం పోతే తూర్పుమూల. నా చేతిలో చెంబు కింద పెట్టేసి కట్ట వెంబడి ఆ మూలకు పరిగెత్తాను.

నాన్న ముందర వెదురుకర్ర. దాని మీద వాడిన వేపరెమ్మ.

ఆయన వెనకే వస్తున్నవాళ్ళు ఆగారు. "ఇదెవరు పెట్టారు ఇక్కడ?" అన్నాడు సంఘం పెద్ద. ఎవరికీ తెలియదు. కట్ట మీద నా పక్కనే నిలబడి ఉన్న ఆయన భార్య, మేడింటావిడ, ఆ రెమ్మను చూసి రెండు చేతులూ చెంపల మీద వేసుకుంది. "అయ్యయ్యో, తొడాదీంగ!" అని కేకపెట్టింది. ముట్టుకోవద్దని. "ఆడిమాసం, నీళ్ళల్లో వేపాకు! అమ్మ వచ్చి కూర్చుందయ్యా ఇక్కడ! మనమంతా చెప్పులతో, మోకులతో... తల్లీ, తప్పు, తప్పు!"

మద్రాసులో వేపమండ కనిపిస్తే ముందు గుర్తొచ్చేది మారియమ్మే. అందులో ఆడిమాసం. ప్రతి వీధిలో అమ్మవారికి కూళు, అంటే రాగి అంబలి, కాసి పోసే నెల. నీళ్ళల్లో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే మోకులు కిందికి దించారు. ఒకాయన తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. సంఘం పెద్దకు మాత్రం కొంచెం అనుమానం ఉన్నట్టుంది. నాన్నను అడిగాడు, "మీరు ఆ పెంకుటింటి అల్లుడు కదా సార్. ఇది నిజంగా అమ్మవారిదేనా? ఎవరైనా ఊరికే పెట్టారా?"

నాన్నకు తెలుసు. అది ఏమిటో నేనే ఆయనకు చెప్పాను, అమ్మ నవ్విందని కూడా చెప్పాను. ఆ రెమ్మ ఆయన తన చేత్తో విరిచి గుమ్మానికి కట్టిన మండలోదే. ఊరికే పిట్టగూడు అని ఒక్క మాట అంటే చాలు, సాయంత్రానికి చెరువులో ఒక్క ఆకు మిగిలేది కాదు. ఆయన కోరుకున్నదీ అదే.

ఆకుకోడి ఎగిరిపోలేదు. గుడ్లకూ నాన్నకూ మధ్య ఆకుల మీదకి వచ్చి, ఒక రెక్క విరిగినట్టు ఈడుస్తూ పక్కకు పక్కకు నడిచింది. నన్ను పట్టుకో, అటు పోకు అన్నట్టు. నాన్న దాన్ని చూస్తూ నిలబడ్డాడు. నీళ్ళు ఆయన బనియను అంచును తడుపుతున్నాయి. తర్వాత సంఘం పెద్ద వైపు తిరిగి, "చాలు సార్. ఈడితో ఆపేద్దాం" అన్నాడు. మోకును చుట్టగా చుట్టి భుజాన వేసుకుని గట్టెక్కాడు. నా పక్కనుంచి పోతూ తడిచెయ్యి నా నెత్తి మీద పెట్టాడు.

మరుసటి శుక్రవారం మేడింటావిడా నగర్ ఆడవాళ్ళూ కలిసి తూర్పుమూల కట్ట మీద కూళు కాశారు. కర్పూరం వెలిగించి నీళ్ళ వైపు చూపించారు. ఆకుకోడి ఒకసారి మెడ ఎత్తి చూసి మళ్ళీ గుడ్ల మీద సర్దుకుంది. అవ్వ అందరితోపాటు చెంబు పట్టుకుని వరసలో నిలబడింది. ఇంటికొచ్చాక అమ్మ, "నీకు సిగ్గుండాదా మా? పిట్టకు పోసిన కూళు తాగొస్తివే" అంది. "పిట్టేమన్నా తాగిందా? కూళు బాగుండాది, ఉల్లిపాయ బాగా వేసినారు" అంది అవ్వ. "అయినా అమ్మోరు గాదని నీకెవరు చెప్పినారు? బిడ్డల్ని కాసేదంతా అమ్మోరే." మేడింటావిడకు అసలు సంగతి మేమెవరమూ చెప్పలేదు. ఆమె ఆ తర్వాత ప్రతి ఆడిమాసం ఆ మూలకు వచ్చేదట. ఆమె దండం పెట్టినన్నాళ్ళూ ఆ మూలలో ఎవరూ చెత్త కూడా వేయలేదు.

ఆకులు లాగిన సగం ఏమైందో చెప్పాలి. మొదటి వారం అందరికీ ముచ్చటగా ఉంది, నీళ్ళు తళతళా మెరుస్తున్నాయని. తర్వాత ఎండకు ఆ నీళ్ళు వేడెక్కి పచ్చగా చిక్కబడ్డాయి, వాసన కొట్టాయి. అంతమంది తొక్కిన ఒడ్డు నిండా అడుగుల గుంటలు, ప్రతి గుంటలో వాననీళ్ళు. నగర్ వైపు మురుగు దిగే చోట గుర్రపుడెక్క నాలుగు మొక్కలు కనిపించాయి. మేము క్వార్టర్స్‌కు వెళ్ళిపోయే నాటికి అవి ఆ ఒడ్డంతా అల్లుకుని ఊదాపూలు పూశాయి. ఇన్నాళ్ళూ అవి ఎందుకు రాలేదో అప్పటికి అందరికీ అర్థమైంది. చోటు లేక.

నాన్న ఒకరోజు రెండు స్టీలు గ్లాసులు తీసుకుని వెళ్ళి, ఆ గుంటల్లో నీళ్ళు ఒకదాంట్లో, తూర్పుమూల ఆకుల కింద నీళ్ళు ఒకదాంట్లో ముంచుకొచ్చాడు. కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి వంగి చూశాడు. గుంట నీళ్ళల్లో దోమపిల్లలు తలకిందులుగా వేలాడుతూ, కదిపితే మెలికలు తిరుగుతున్నాయి. ఆకుల కింది నీళ్ళల్లో వేలిగోరంత చేప ఒకటి గ్లాసు గోడను ముట్టెతో తడుముతోంది. నాన్న రెండు గ్లాసుల్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత చేప గ్లాసును గుంట గ్లాసులోకి వంచాడు. మేమంతా అక్కడే కూర్చుని చూశాం. చేప భోజనం చేసింది.

తాత గెలిచినవాడిలా ఒక్క మాట అనలేదు. "అల్లుడా, పార పట్టుకోని రా, ఆ గుంటలు పూడ్చేద్దాం" అన్నాడు. ఇద్దరూ ఆ పక్క ఒడ్డంతా చదును చేశారు. పీకిన కుప్పల్లో ఇంకా బతికి ఉన్న తామర దుంపలు ఏరి, బురదలో మళ్ళీ గుచ్చారు.

ఆ తర్వాత నాన్న షిఫ్టు అయ్యాక వచ్చి, తమ్ముణ్ణి కాసేపు చూసి, కట్ట మీదకి వెళ్ళి కూర్చునేవాడు. అవ్వే ఆయనకు ఆ పని పెట్టింది, కాకులు గుడ్లు ఎత్తుకుపోకుండా చూడమని. నిజానికి కాకుల్ని ఆకుకోడే తరిమేది. అయినా నాన్న రాళ్ళు పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. గుడ్లు పగిలిన రోజు పరిగెత్తుకుంటూ వచ్చి అమ్మను దుప్పటి కప్పి కట్ట దాకా నడిపించాడు. పిల్లలు బొటనవేలంత ఉన్నాయి, కాళ్ళు మాత్రం అప్పుడే పొడుగు. ఆకు మీద నుంచి ఆకు మీదకి అడుగులేస్తూ, జారుతూ, మళ్ళీ నిలబడుతూ నడిచాయి. వాన చినుకు పడగానే తండ్రిపిట్ట పిలిచింది. నాలుగూ పోయి దాని రెక్కల కింద దూరాయి. ఒళ్ళంతా లోపల, పొడుగు కాళ్ళు మాత్రం బయట వేలాడుతున్నాయి. పది కాళ్ళ పిట్టలా నిలబడింది అది. చెల్లెలు పోయాక నాన్న పైకి నవ్వగా నేను విన్నది అదే మొదటిసారి.

ఆ చెరువు ఇప్పుడు సగం లేదు. నగర్ పెరిగింది, రోడ్డు వచ్చింది. తాత లేడు, అవ్వ లేదు. మిగిలిన నీళ్ళల్లో తామర ఇంకా ఉందని తమ్ముడు చెప్పాడు. వాడు ఆ దారినే ఆఫీసుకు పోతాడు, చిన్నగా పుట్టినవాడు ఇప్పుడు నాకంటే జానెడు పొడుగు. వాళ్ళు నాకు ఇచ్చిందేమిటో ఇన్నేళ్ళకు, నా బిడ్డ పుట్టాక తెలుస్తోంది. భయపడే మనిషిని ఎగతాళి చేయకుండా ఒక ఇంట్లో పెట్టుకున్నారు. ఆయన తప్పు చేస్తే తప్పు చేశావనకుండా చేతికి పార ఇచ్చారు. నీళ్ళకు కూడా పురుడు ఉంటుందని ఒక రెమ్మతో చెప్పారు. అటువంటివాళ్ళ మధ్య కొన్నాళ్ళు బతికాను. అందుకు ఎవరికి దండం పెట్టాలో తెలియక ఇట్లా రాస్తున్నాను.

పోయిన వారం నాన్న మనవణ్ణి చూడటానికి వచ్చాడు. రిటైరయ్యాక కళ్ళు కొంచెం మసకబారాయి, వెల్డింగు కళ్ళు కదా. ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అడిగాను. "ఆరోజు పిట్టగూడని చెప్పేస్తే నీ పని అయిపోయేది కదా నాన్నా. ఎందుకు చెప్పలేదు?"

ఆయన మా వాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతూ, మూస్తూ కూర్చున్నాడు.

"ఆ పిట్ట నన్నే చూస్తా ఉండె పాపా" అన్నాడు చివరికి. "నేనట్నే చూసినా, నీ చెల్లికి ఒళ్ళు కాలిపోతా ఉంటే. యాడినుంచి వచ్చిందో తెలీదు, ఎందుకొచ్చిందో తెలీదు, ఆపేదానికి చేత గాదు. ఆడ నీళ్ళల్లో నిలబడినాక తెలిసింది. దాని బిడ్డలకు వచ్చిన జొరం నేనే."

అంతే చెప్పి, మా వాణ్ణి భుజాన వేసుకుని మేడ మీదకి వెళ్ళాడు. అప్పుడే చీకటి పడుతోంది. ఆ వేళకు వాణ్ణి ఎవరు బయటికి తీసుకెళ్ళినా గొడవ చేస్తాను. ఆరోజు ఏమీ అనలేదు.